ఇంటికి మనిషిసాయం కోసం అప్లికేషన్ పెట్టేముందు మొహమాటం పక్కన పెట్టండి

మా మొదటి అప్లికేషన్ తిరగ్గొట్టారు. నన్నడిగితే అందులో సగం తప్పు ఇస్త్రీ చొక్కాది.

అసెస్‌మెంట్‌కి, అంటే ఎంత సాయం అవసరమో ఇంటికొచ్చి చూసి రాసుకోవడానికి, మనిషి వస్తుందని ముందురోజే ఫోన్ చేసి చెప్పారు. టైము పదకొండు. మావారు తొమ్మిదింటికే మొదలుపెట్టారు. గడ్డం గీసుకున్నారు, తల దువ్వుకున్నారు, అలమరాలో దాచుకున్న తెల్ల చొక్కా తీశారు. స్ట్రోక్ వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. కుడిచేతి వేళ్లు ఆయన మాట వినవు. ఎడమచేత్తో ఏడు గుండీలు పెట్టుకోవడానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. మధ్యలో రెండుసార్లు మంచం మీద కూర్చుండిపోయారు. నేను దగ్గరికి వెళ్తే "ఆగు, నేను పెట్టుకుంటాగా" అన్నారు.

ఆ అమ్మాయి గుమ్మంలోకి వచ్చేసరికి కుర్చీ చెయ్యి పట్టుకుని లేచి నిలబడి "రామ్మా, కూర్చో" అన్నారు. బట్టలు మీరే వేసుకుంటారా సార్ అని ఆమె అడిగింది. "ఆఁ, నేనే." స్నానం? "నాకేం ప్రాబ్లం లేదమ్మా." నేను మంచినీళ్ల గ్లాసు పట్టుకుని పక్కన నిలబడి నవ్వుతున్నాను. నలభై నిమిషాల్లో అన్ని గళ్లలోనూ టిక్కులు పడిపోయాయి. మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. ప్రస్తుతం సాయం అవసరం కనబడలేదట.

ఆయన చెప్పింది అబద్ధమూ కాదు. బట్టలు ఆయనే వేసుకున్నారు. ఎంతసేపు పట్టిందని ఆమె అడగలేదు, మేం చెప్పలేదు.

దీంట్లో నాకు సిగ్గనిపించిన విషయం ఇంకొకటుంది. నేను ముప్పై ఏళ్లకు పైగా ఒక ఆఫీసులో అప్లికేషన్లు తీసుకునే సీట్లో కూర్చున్నదాన్ని. ఎదురుగా నిలబడ్డ మనిషి కష్టం నాకు కళ్లకు కనిపిస్తూనే ఉండేది. కానీ ఫైల్లోకి వెళ్లేది కాగితం మీదున్నదే. పై ఆఫీసరు చూసేదీ అదే. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా నా వంతు వచ్చేసరికి అందరిలాగే మొహమాటపడ్డాను. ఇప్పుడు నాకు 74, ఆయనకు 79. రెండోసారి అప్లికేషన్ పెట్టి సాయం తెచ్చుకున్నాం. ఆ రెండోసారి ఏం చేశామో రాస్తున్నాను. మీరు దరఖాస్తు పెట్టేది సర్కారుకైనా, స్వచ్ఛంద సంస్థకైనా, డబ్బు తీసుకుని మనిషిని పంపే ఏజెన్సీకైనా మనవైపు నుంచి చేయాల్సింది దాదాపు ఒకటే.

ఎప్పుడు అడగాలి

పడ్డాక కాదు. అప్పుడు ఎవరు దొరికితే వాళ్లకి, ఏది ఇస్తే దానికి ఒప్పుకోవాల్సి వస్తుంది.

పెద్దవాళ్లు "ఈ పని నావల్ల కావట్లేదు" అనరు. మెల్లగా ఆ పని మానేస్తారు. మేడ మీద గదికి వెళ్లడం మానేస్తారు, దుప్పట్లు ఉతకడం మానేస్తారు, స్నానం రోజు విడిచి రోజు చేస్తారు. అడిగితే "ఇప్పుడు దాంతో పనేముంది" అంటారు. కాబట్టి ఏం చేయలేకపోతున్నారని మిమ్మల్ని మీరు అడక్కండి, జవాబు రాదు. ఈ ఏడాదిలో ఏమేం మానేశారో ఒక కాగితం మీద రాయండి. నా కాగితంలో పదకొండు పనులు తేలాయి. రాస్తుంటేనే టెన్షన్ వచ్చింది. పదకొండా అనుకున్నాను.

ఆసుపత్రిలో ఉన్నవాళ్లకైతే ఇంకో మాట. "రేపు పంపించేస్తాం" అన్నరోజున అందరం బిల్లు, బండి, మందుల హడావుడిలో పడతాం. అంతకుముందే అడగాలి, ఇంటికెళ్లాక సాయం ఏర్పాటు ఎవరు చూస్తారని. డిశ్చార్జ్ సమ్మరీలో మందుల పేర్లు ఒక్కటే ఉంటే చాలదు. మంచం మీంచి లేవడానికి ఎంతమంది పట్టుకోవాలి, వాకర్‌తో ఎంతదూరం నడవగలరు, మెట్లు ఎక్కొచ్చా, ఇవి ఫిజియోథెరపిస్టుతో రెండు లైన్లలో రాయించుకోండి. మేం రాయించుకోలేదు. తర్వాత ఆ రెండు లైన్ల కోసం మా అమ్మాయి ఆసుపత్రి చుట్టూ నాలుగుసార్లు తిరిగింది.

మొదటి ఫోను

మొదటిసారి నేను ఫోన్ చేసి "కొంచెం సాయమేమైనా దొరుకుతుందేమోనని..." అని నసిగాను. సమాచార పుస్తకం పోస్టులో పంపించారు. రెండోసారి ఇలా చెప్పాను: "మావారికి 79 ఏళ్లు. స్ట్రోక్ వచ్చింది, కుడిచెయ్యి పనిచేయదు. నెలరోజుల్లో స్నానాల గదిలో రెండుసార్లు జారారు. ఆయన్ని లేపడం నావల్ల కావట్లేదు. అసెస్‌మెంట్ చేయించాలి." అంతే. తేదీ ఇచ్చారు.

తేడా గమనించారా? వయసు, జబ్బు, జరిగిన ప్రమాదం, నా చేతకానితనం, నాకు కావాల్సింది. ఈ ఐదూ ముందే కాగితం మీద రాసుకుని చదివాను. "సమాచారం కావాలి" అంటే సమాచారమే ఇస్తారు. అసెస్‌మెంట్ కావాలనండి. పెద్దవాళ్లం సాయం అడిగేటప్పుడు మాటలకు మెత్తలు వేస్తాం. "ఏదో వయసు కదా", "అలా నడుస్తోంది" అంటాం. అవతల కీబోర్డు ముందున్న మనిషి ఆ మెత్తల్ని విప్పి చూడదు.

పిల్లలు మన తరఫున మాట్లాడితే చాలాచోట్ల ముందు మన ఒప్పుకోలు అడుగుతారు. అందుకని ఫోన్ స్పీకర్‌లో పెట్టి, మనం పక్కనే కూర్చుని, "మా అమ్మాయి మాట్లాడుతుంది, నాకు సమ్మతమే" అని చెప్పేస్తే సరిపోతుంది. వినికిడి తక్కువైతే మొదటి మాటగా అదే చెప్పండి, నిదానంగా మాట్లాడమనండి, జవాబు రాతలో పంపమనండి. వాళ్లు మాట్లాడే భాష మనకు సరిగా రాకపోతే, దుబాసీని ఏర్పాటు చేయగలరా అని అప్పుడే అడగాలి. ప్రతి ఫోనుకీ తేదీ, టైము, మాట్లాడినవాళ్ల పేరు, అప్లికేషన్ నంబరు ఒక నోటుబుక్కులో పడాల్సిందే. ఈ ఒక్క అలవాటూ నా పాత ఉద్యోగం చలవ.

ఫారంలో ఆ మూడు గళ్లు

ఎవరి ఫారమైనా దాదాపు ఒకేలా ఉంటుంది. పని పేరు, దాని పక్కన మూడు గళ్లు: సొంతంగా చేస్తారు, సాయంతో చేస్తారు, చేయలేరు. ఇవి ఎక్కడ్నుంచి వచ్చాయో తెలిస్తే నింపడం తేలికవుతుంది. 1963లో సిడ్నీ కాట్జ్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు ఆరు పనులు పట్టుకున్నారు: స్నానం, బట్టలు, టాయిలెట్, మంచంలోంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాల అదుపు, తినడం. 1969లో లాటన్, బ్రోడీ అనేవాళ్లు ఇల్లు నడిపే పనుల్ని చేర్చారు: ఫోను, బజారు, వంట, ఇల్లు సర్దడం, బట్టలుతకడం, ప్రయాణం, మందులు, డబ్బు లెక్కలు. చాలా ఫారాల్లోని ప్రశ్నలు ఈ రెండు జాబితాల చుట్టాలే.

మూడోది బార్తెల్ ఇండెక్స్, 1965 నాటిది. దాని గురించి మాకు ఫిజియోథెరపీ చేయించే అబ్బాయి చెప్పాడు. పది అంశాలు, మొత్తం వంద మార్కులు. అందులో స్నానానికి ఐదే! మంచంలోంచి కుర్చీలోకి మారడానికి పదిహేను. మా ఇంట్లో రోజూ యుద్ధమంతా స్నానం దగ్గరే జరుగుతుంటే దానికి ఐదు మార్కులేమిటని నాకు ఒళ్లు మండింది. కానీ ఆ అబ్బాయి ఇంకో రెండు సంగతులు చెప్పాడు, అవి నాకు బంగారం. ఈ స్కోరు వేసే సూచనల్లోనే ఉందట, మనిషి ఏం చేయగలడన్నది కాదు, ఏం చేస్తున్నాడన్నది రాయాలని. పక్కన ఒకరు కనిపెట్టుకుని ఉండాల్సి వస్తే, ముట్టుకోకపోయినా సరే, అది సొంతంగా చేసినట్టు కాదని.

మావారు స్నానం చేస్తున్నంతసేపూ నేను తలుపు అవతల ముక్కాలిపీట వేసుకుని కూర్చునేదాన్ని. నీళ్ల చప్పుడు ఆగితే "ఏమండీ" అని పిలిచేదాన్ని. ఆయన "ఊఁ" అంటే ప్రాణం కుదుటపడేది. ఎనిమిది నెలలు అలా కూర్చున్నాను. మొదటి ఫారంలో మాత్రం స్నానం ఎదురుగా "సొంతంగా" అని నా చేత్తోనే టిక్కు పెట్టాను.

కాబట్టి టిక్కు పెట్టే ముందు పనిని ముక్కలు చేయండి. స్నానమంటే ఒక పనా? బట్టలు విప్పుకోవాలి, గడప దాటాలి, కుళాయి తిప్పాలి, నీళ్ల వేడి చూసుకోవాలి, కూర్చోవాలి, వీపు, పాదాలు అందుకోవాలి, లేవాలి, తుడుచుకోవాలి, తడి నేల మీద బయటికి రావాలి. ఇందులో మావారు కుళాయి తిప్పగలరు, ముందువైపు రుద్దుకోగలరు. పాదాలు అందవు. లేవాలంటే గోడ పట్టుకోవాలి, కుడిచేతికి పట్టు లేదు. ఇలా రాస్తే గళ్ల పక్కన చోటు చాలదు. వేరే కాగితం జతచేసి "వివరం జతచేసిన కాగితంలో" అని రాయండి. జతచేసిన కాగితాన్ని ఎవరూ పారేయరు. ఆ సీట్లో కూర్చున్నదాన్ని, నాకు తెలుసు.

ప్రతి ముక్క దగ్గరా నాలుగు ప్రశ్నలు: ఎంతసేపు పడుతోంది, మధ్యలో ఎన్నిసార్లు ఆగుతున్నారు, ప్రమాదం ఉందా, చేశాక ఎలా ఉంటున్నారు. నాలుగోదాన్ని అందరూ మర్చిపోతారు. స్నానం చేసి వచ్చి రెండు గంటలు పడుకోవాల్సి వస్తే అది కూడా లెక్కలోకి రావాలి.

ఏడు రోజుల నోటుబుక్కు

రెండో అప్లికేషన్‌ని నిలబెట్టింది ఇదే. వారంపాటు, మంచిరోజు చెడ్డరోజు అని ఏరకుండా, జరిగింది జరిగినట్టు రాశాను. కవిత్వమేమీ లేదు.

"సోమవారం. రాత్రి 2:10కి బాత్రూంకి లేచారు. నేను లేపాను. 3:40కి మళ్లీ. పొద్దున చొక్కాకి 22 నిమిషాలు, నాలుగో గుండీ నేను పెట్టాను. మధ్యాహ్నం మందు మర్చిపోయారు, సాయంత్రం చూశాను."

"గురువారం. బాత్రూం గడప దగ్గర కాలు తట్టుకుంది, పడలేదు, తలుపు పట్టుకున్నారు. నా భుజం నొప్పి, రాత్రి మాత్ర వేసుకున్నాను."

పడబోయి ఆగినవి కూడా రాయండి. పడితేనే లెక్క అనుకుంటాం, అది తప్పు. రాత్రి లేచినవి తప్పకుండా రాయండి, ఎందుకంటే అసెస్‌మెంట్ చేసేవాళ్లు పగలే వస్తారు. మతిమరుపు జబ్బున్నవాళ్ల ఇంట్లో ఈ పుస్తకం ఇంకా అవసరం. కొత్తమనిషి ఎదురుగా గంటసేపు వాళ్లు చక్కగా మాట్లాడేస్తారు, సాయంత్రమయ్యేసరికి అసలు అవస్థ మొదలవుతుంది. వీలైతే సాయంత్రమే రమ్మని అడగండి.

ఆయన ఆ పుస్తకం చదివారు. చదవనివ్వాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. దాచిపెట్టి పంపడం నాకు నచ్చలేదు, అది ఆయన బతుకు. చదివి కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "బుధవారం మూడుసార్లు లేచాను, నువ్వు రెండే రాశావు. మూడోసారి నిన్ను లేపలేదు" అన్నారు. ఆ మూడోది ఆయనే ఎడమచేత్తో రాశారు. వంకరటింకరగా ఉంది. అసెస్‌మెంట్‌కి వచ్చినామె ఆ పేజీ దగ్గరే ఎక్కువసేపు ఆగింది.

వాళ్లు వచ్చే రోజు

ఇల్లు సర్దకండి. చుట్టాలు రావట్లేదు. రోజూ ఎక్కడుంటే అక్కడే ఉండనివ్వండి, ఆసరా కోసం వరసగా వేసుకున్న కుర్చీలతో సహా. మొదటిసారి నేను ఆ కుర్చీల్ని గోడకు జరిపి అందంగా పెట్టాను. పడగ్గది నుంచి బాత్రూం దాకా ఆయన నడిచే దారి అదేనని ఆ అమ్మాయికి ఎలా తెలుస్తుంది?

కొత్త బట్టలు వద్దు. గడ్డం గీయకపోతే గీయనట్టే ఉండండి. ఇది మావారికి మింగుడుపడలేదు. "ముష్టివాడిలా కూర్చోమంటావా?" అన్నారు. నేను వాదించలేదు. "చొక్కా వేసుకోండి, కాకపోతే ఆవిడ వచ్చాక, ఆవిడ ముందు వేసుకోండి" అన్నాను. అలాగే జరిగింది. మూడో గుండీ దగ్గర ఆవిడ పెన్ను పక్కన పెట్టేసి వాచీ చూసుకుంది.

కుర్చీలోంచి లేచి, కొంచెం దూరం నడిచి, తిరిగొచ్చి కూర్చోమనొచ్చు. 1991 నుంచి వాడుకలో ఉన్న చిన్న పరీక్ష అది. దూరం 3 మీటర్లు. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే పడిపోయే ప్రమాదం ఉందని కొన్నిచోట్ల లెక్కేస్తారు. పరుగుపందెం అనుకుని బిగపట్టి నడవకండి. రోజూ ఎలా నడుస్తారో అలా, చేతికర్రతో నడిస్తే చేతికర్రతోనే.

పిల్లలకు ఒక మాట. మీరు వచ్చి కూర్చోవడం మంచిదే, కానీ మా బదులు జవాబు చెప్పకండి. ప్రశ్న అడిగాక మేం మాట వెతుక్కుంటున్న ఆ పది సెకన్లు మీకు యుగంలా ఉంటాయి, ఓర్చుకోండి. మేం అబద్ధం చెబితే, అంటే "ప్రాబ్లం లేదు" అంటే, "నాన్నా, మొన్న రాత్రి ఏమైందో చెప్పు" అని గుర్తుచేయండి. పెద్దవాళ్లు ఒంటరిగా మాట్లాడాలనుకుంటే ఐదు నిమిషాలు బయటికి వెళ్లండి. మలమూత్రాల సంగతి కూతురి ముందు చెప్పలేని తండ్రులున్నారు. నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసి చేతికివ్వొచ్చు. మేం అదే చేశాం, మడిచి ఇచ్చాం. ఆవిడ చదివి మళ్లీ మడిచి ఫైల్లో పెట్టుకుంది, ఒక్క ముక్క పైకి అనలేదు. అలాంటి మనిషి దొరకడం మా అదృష్టం.

నన్ను ఎవరూ అడగలేదు

మొదటి ఫారంలో "ఇంట్లో చూసుకునేవారు: భార్య" అని ఒక లైను ఉంది. ఆ లైనుతో నేను ఇంట్లో వాకర్ లాంటి సామానైపోయాను. ఆ భార్యకు 74 అని, కుడి భుజం పైకి లేవదని ఎక్కడా లేదు. రెండోసారి నా డాక్టరు చీటీ కూడా జతచేశాను. నేను చేస్తున్నవి, ఇకమీదట చేయలేనివి విడివిడిగా రాశాను. "ఆయన్ని నేల మీంచి లేపడం నేను చేయలేను, చేయను" అని రాశాను. "చేయను" అన్న మాట రాయడానికి చెయ్యి వణికింది. కొన్నిచోట్ల చూసుకునేవాళ్లకు విడిగా అసెస్‌మెంట్ చేస్తారు. ఉందా అని అడగండి. అడగందే అమ్మైనా పెట్టదు.

కాదంటే

నోటిమాటగా కాదంటే ఒప్పుకోకండి, రాతలో ఇమ్మనండి. ఏ కారణంతో కాదన్నారు, ఏ గడిలో ఏం రాసుకున్నారు, అప్పీలు ఎవరికి, గడువు ఎప్పటిదాకా, ఈ నాలుగూ అడగండి. వాళ్లు రాసుకున్న అసెస్‌మెంట్ కాపీ అడిగి తెచ్చుకుని చదవండి. మాదాంట్లో "చురుగ్గా, శుభ్రంగా ఉన్నారు" అని ఉంది. చొక్కాకి వచ్చిన సర్టిఫికెట్ అది. మేం తిట్టుకుంటూ ఉత్తరం రాయలేదు. ప్రతి తప్పు వాక్యం ఎదురుగా మా వాక్యం, దాని పక్కన నోటుబుక్కు తేదీ రాశాం.

ఒప్పుకున్నాక

ఇక్కడ సంతోషంలో సంతకం పెట్టేస్తాం. రోజులు, గంటలు, ఏ టైముకి వస్తారు, ఏ పనులు చేస్తారు, ఏవి చేయరు, డబ్బు కట్టేదుంటే దేనికెంత, రోజూ ఒకే మనిషా మారుతుంటారా, రానిరోజు ఎవరికి ఫోన్ చేయాలి, ఇవన్నీ కేర్ ప్లాన్‌లో ఉన్నాయో లేదో చూడండి. స్నానం చేయించేది మగమనిషా ఆడమనిషా అన్నది మొహమాటం లేకుండా ముందే చెప్పండి. ఇంటి తాళంచెవి ఇస్తే ఎవరి దగ్గరుంటుందో రాతలో ఉండాలి. బ్యాంకు కార్డు, పిన్ను మాత్రం ఎవరికీ వద్దు, ఎంత మంచివాళ్లయినా.

మొదటి వారం బాగుండదు. మా ఇంట్లో మాకే కొత్తగా ఉంటుంది. మావారు మొదటిరోజు వచ్చిన అబ్బాయితో కూడా "నాకేం ప్రాబ్లం లేదు బాబూ" అన్నారు. ఆ అబ్బాయి "సరే అంకుల్, పై గుండీ మీరు పెట్టండి, కిందివి నేను పెడతా" అన్నాడు. అప్పట్నుంచి పై గుండీ ఆయనది. ఆ సంగతి ప్లాన్‌లో కూడా రాయించాను, వేరే మనిషి వచ్చినరోజు గబగబా అన్నీ పెట్టేయకుండా.

వచ్చే వారం రివ్యూ ఉంది. చలికి వేళ్లు ఇంకా బిగుసుకుపోతున్నాయి, రాత్రి లేవడం నాలుగుసార్లకు పెరిగింది. నోటుబుక్కు మళ్లీ తీశాను. ఈసారి సగం పేజీలు ఆయన రాతే.